మన డాబా మీద మొగులు ఎంత? శాటిలైట్ బొమ్మతో రోజూ కొలిచే పద్ధతి



టమాటా ఒరుగుల వీడియో పెట్టినప్పటి నుంచి ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "మబ్బు పడతదని నీకు ముందే ఎట్ల తెలుస్తది అన్నా?" అని. నిజం చెప్పాలంటే నాకు ముందే తెలియదు. నేను జోస్యం చెప్పను. నేను చేసేది కొలవడం. నిన్న ఎంత మొగులు ఉంది, ఏ టైముకి వచ్చింది, మొన్నటికీ నిన్నటికీ ఎంత మారింది, ఇది రోజూ పుస్తకంలో రాస్తాను. ఆ రాత వల్ల టమాటా ఎప్పుడు కోయాలో, ఎప్పుడు కోయకూడదో కొంత తేలుతుంది. వీడియోలో ఫోన్ మీద చూపించాను, కానీ అందులో లెక్క భాగం తొందరగా అయిపోయింది. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నా.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. మా పొలం చేవెళ్ల దిక్కు. పంట అక్కడ, ఎండబెట్టే పని మాత్రం అమీర్‌పేటలో ఒక పాత మూడంతస్తుల ఇంటి డాబా మీద. కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల మధ్య ఎండ పడే డాబా దొరకడమే కష్టం, మాకు దొరికింది. కొనేవాళ్లు కూడా ఈ చుట్టుపక్కలే, అమీర్‌పేట నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా. టమాటా రేటు పడిపోయినప్పుడు రోడ్డు మీద పారబోసే బదులు ఒరుగులు చేస్తే ఆ కాయకు విలువ ఉంటుంది. కానీ టమాటాలో దాదాపు 94 శాతం నీళ్లే. కోసిన మొదటి రోజు ఆ నీళ్లు పోకపోతే రెండో రోజు పులుపు వాసన, మూడో రోజు బూజు. రసాయనం వాడేవాళ్లకు గంధకం పొగ ఉంది. మనకు సూర్యుడు ఒక్కడే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతా.

మొదటి ఏడాది, అక్టోబర్ నెల. 60 కిలోల టమాటా తెచ్చాను. అప్పుడే శాటిలైట్ బొమ్మలు చూడటం కొత్తగా మొదలుపెట్టాను, ఆ ఉత్సాహం వేరు. మూడు రోజుల బొమ్మలు వరసగా పెట్టుకుని చూస్తే, మూడు రోజులూ ఒకే తీరు. 0900 అని రాసి ఉన్న బొమ్మలో హైదరాబాద్ మీద తెల్లటి మబ్బు, 1200 బొమ్మ వచ్చేసరికి అది పలచబడి తూర్పుకు పోయింది. ఓహో, పొద్దున తొమ్మిదికి మొగులు వచ్చి పన్నెండుకల్లా పోతుంది, అయితే మధ్యాహ్నం పరుద్దాం అనుకున్నా. కోసే పనికి వచ్చే పెద్దమ్మ, "పొద్దున ఎండ మంచిగుంది బిడ్డా, ఇప్పుడే పరుద్దాం" అన్నది. నేను ఫోన్ చూపించి, "లేదు పెద్దమ్మా, పన్నెండు తర్వాత" అన్నా. పన్నెండుకు పరిచాం. రెండున్నరకు మొగులు కమ్మింది. మూడు దాటగానే వాన. ప్లాస్టిక్ కప్పి కాపాడాం గానీ, కోసిన ముక్కకు దొరికిన ఎండ రెండున్నర గంటలే. తర్వాతి రెండు రోజులూ అదే వరస. మొత్తం సరుకు బూజు పట్టింది. కూలి ఇచ్చుకున్నా, ఆర్డర్ వదులుకున్నా.

ఆ 0900 మన గడియారం కాదు. అది యూటీసీ టైము. ప్రపంచం మొత్తానికి ఒకటే లెక్క ఉండాలని ఉపగ్రహాల బొమ్మల మీద, ఫైల్ పేర్ల మీద ఆ టైమే వేస్తారు. మన టైము కావాలంటే దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. 0900 అంటే మధ్యాహ్నం రెండున్నర. 1200 అంటే సాయంత్రం అయిదున్నర. నేను చూసిన బొమ్మలు నిజమే చెప్పాయి, మబ్బు మధ్యాహ్నం రెండున్నరకు వస్తోందని మూడు రోజుల నుంచి మొత్తుకుంటున్నాయి. చదవరాక పోయింది నాకే. కొన్ని బొమ్మల మీద రెండు టైములూ ఉంటాయి, అయినా ముందు అది చూసుకోండి. ఈ ఒక్క పేరా గుర్తున్నా మీ సరుకు సగం దక్కినట్టే.

సరే, ఆ బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? మన దేశానికి ఇన్సాట్-3డీఆర్, ఇన్సాట్-3డీఎస్ అని వాతావరణ ఉపగ్రహాలు ఉన్నాయి. మొదటిది 2016 సెప్టెంబర్ 8న, రెండోది 2024 ఫిబ్రవరి 17న, రెండూ మన శ్రీహరికోట నుంచే పోయాయి. భూమధ్యరేఖ పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, భూమితో పాటే తిరుగుతూ, మనకు ఎప్పుడూ ఒకే చోట నిలబడినట్టు ఉంటాయి. కదలకుండా ఒకే చోటు నుంచి చూస్తాయి కాబట్టే అరగంటకోసారి అదే ఊరి బొమ్మ మళ్లీ మళ్లీ తీయగలవు. మార్పును కొలవడానికి పనికొచ్చేది ఇదే గుణం. నాసా వాళ్ల టెర్రా, ఆక్వా లాంటివి తక్కువ ఎత్తులో తిరుగుతాయి, బొమ్మ చాలా సన్నగా, అందంగా ఉంటుంది, కానీ పగటి పూట మన మీదుగా పోయేది ఒక్కోటి దాదాపు ఒక్కసారి. అది పెళ్లి ఫొటో లాంటిది, మనకు కావాల్సింది సీసీ కెమెరా.

ఇన్సాట్ బొమ్మలు ఐఎండీ వెబ్‌సైట్‌లో, ఇస్రో వాళ్ల మోస్‌డాక్‌లో ఉచితంగా ఉంటాయి. ఆ ఉపగ్రహాల్లో ఉన్న కెమెరా ఆరు రకాల కాంతిలో చూస్తుంది. రైతుకు రెండు చాలు. ఒకటి విజిబుల్, అంటే మన కన్ను చూసే వెలుతురే. సూర్యుడి వెలుగు మబ్బు మీద పడి తిరిగి పైకి పోతే ఎంత తెల్లగా కనిపిస్తుందో అది. పగలే పనిచేస్తుంది, ఒక్కో చుక్క ఒక కిలోమీటరు. రెండోది ఇన్‌ఫ్రారెడ్. ఇది వెలుగును కాదు, వేడిని చూస్తుంది. రాత్రి కూడా పనిచేస్తుంది. ఎండకు కాలిన నేల వేడిగా, ఎత్తుకు పోయిన మబ్బు తల చల్లగా కనిపిస్తుంది. ఉరుముల మబ్బు తల సున్నాకు కింద 60, 70 డిగ్రీల దాకా కూడా పోతుంది. ఇందులో ఒక్కో చుక్క నాలుగు కిలోమీటర్లు.

నాలుగు కిలోమీటర్లంటే ఏమిటో మా ఏరియాలోనే చెబుతా. నాలుగు నాలుగుల పదహారు చదరపు కిలోమీటర్లు. అమీర్‌పేట మెట్రో స్టేషన్, పంజాగుట్ట చౌరస్తా, మధ్యలో ఉన్న అపార్ట్‌మెంట్లు అన్నీ కలిపి ఒక్క చుక్కలో పడిపోవచ్చు. "మా డాబా మీద మబ్బు ఉందా?" అని ఉపగ్రహాన్ని అడిగితే అది "మీ పేట మీద సగటున ఇంత" అని చెబుతుంది, అంతే.

ఇక అసలు పాఠం. బొమ్మ చూడటం వేరు, కొలవడం వేరు. బొమ్మలో తెల్లగా ఉంటే మబ్బు, నల్లగా ఉంటే ఎండ అని అందరూ అనుకుంటారు. పొద్దున ఎనిమిదికి సూర్యుడు వాలుగా ఉంటాడు, మబ్బు కూడా మసగ్గా కనిపిస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకు మబ్బు లేని నేల, సిమెంటు కప్పులు కూడా కాస్త తెల్లగా మెరుస్తాయి. ఎనిమిది గంటల బొమ్మను పన్నెండు గంటల బొమ్మతో పోలిస్తే లెక్క తప్పుతుంది.

మార్కెట్‌లో టమాటా తూకం వేసేటప్పుడు ఏం చేస్తారు? ఖాళీ బాక్సు బరువు తీసేస్తారు. ఇక్కడా అంతే. మబ్బు లేని రోజు, అదే గంటకు, అదే చుక్క ఎలా ఉంటుందో అది ఖాళీ బాక్సు. ఈ రోజు బొమ్మలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది మబ్బు. శాస్త్రవేత్తలు చేసేదీ మూలంలో ఇదే. గడిచిన కొన్ని రోజుల్లో అదే గంటకు అన్నిటికన్నా వేడిగా కనిపించిన విలువను మబ్బు లేని విలువ అనుకుంటారు. ఈ రోజు అదే చుక్క దానికన్నా బాగా చల్లబడితే మబ్బు ఉన్నట్టు. ఇలా ప్రపంచం మొత్తం మబ్బును కొలిచే అంతర్జాతీయ ప్రాజెక్టు ఒకటి 1983 జూలైలో మొదలైంది. ఏ క్షణంలో చూసినా భూమి దాదాపు మూడింట రెండొంతులు మబ్బు కిందే ఉంటుందని దాని లెక్కల్లో తేలింది. మోస్‌డాక్‌లో కూడా క్లౌడ్ మాస్క్ అని తయారు సరుకు దొరుకుతుంది. అందులో ప్రతి చుక్కకు నాలుగు సమాధానాలు: మబ్బు ఉంది, లేదు, బహుశా ఉంది, బహుశా లేదు. పెద్దపెద్ద శాస్త్రవేత్తలే "బహుశా" అంటున్నారంటే నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మీరు కంప్యూటర్ ప్రోగ్రాం రాయక్కర్లేదు. ఐఎండీ వాళ్ల రాపిడ్ పేజీలో బొమ్మ మీద మీ ఊరు దగ్గర పెడితే ఆ చుక్క ఉష్ణోగ్రత చూపిస్తుంది. బాగా ఎండ ఉన్న రోజు ఐదు టైముల్లో ఆ అంకెలు రాసి పెట్టుకోండి. అది మీ ఖాళీ బాక్సు. నెలకోసారి కొత్తగా రాయండి, ఏప్రిల్ నేల వేడి, డిసెంబర్ నేల వేడి ఒకటి కాదు కదా. జూలై, ఆగస్టుల్లో చిక్కు ఉంది. వరసగా పది రోజులు ఎండే కనిపించకపోతే ఖాళీ బాక్సు ఎక్కడ దొరుకుతుంది? అప్పుడు పదిహేను రోజులు వెనక్కి పోయి, అదే గంటకు అన్నిటికన్నా వేడి అంకె తీసుకుంటాను. పూర్తిగా కరెక్ట్ కాదు, కానీ పని నడుస్తుంది.

ఒక్క ఇన్‌ఫ్రారెడ్‌నే నమ్మితే ఇంకో దెబ్బ ఉంది. వానాకాలం పొద్దున మన నెత్తి మీద ముసురు పట్టినట్టు ఉండే మబ్బు చాలా కిందుంటుంది. దాని తల పెద్దగా చల్లగా ఉండదు, తెల్లారుజామున నేల కూడా చల్లగానే ఉంటుంది. రెండిటికీ తేడా కొద్ది డిగ్రీలే. ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలో ఆ మబ్బు దాదాపు మాయం. కింద మనకు మాత్రం ఎండ చుక్క కూడా రాదు. దీనికి ఉల్టా, ఆకాశంలో చాలా పైన దూది పీకినట్టు ఉండే పలచటి మబ్బు ఇన్‌ఫ్రారెడ్‌లో తెల్లగా భయపెడుతుంది, కింద నీడలు స్పష్టంగా పడుతూనే ఉంటాయి, ఒరుగులు ఎండుతూనే ఉంటాయి. అందుకే రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకోవాలి. విజిబుల్‌లో తెల్లగా ఉండి ఇన్‌ఫ్రారెడ్‌లో చల్లగా కూడా ఉంటే అది మందం, ఎత్తు రెండూ ఉన్న మబ్బు, సరుకు లోపల పెట్టుకోండి. విజిబుల్‌లో తెల్లగా ఉన్నా ఇన్‌ఫ్రారెడ్‌లో వేడిగానే ఉంటే కింది మబ్బు, వాన పెద్దగా రాకపోవచ్చు గానీ ఎండదు. విజిబుల్‌లో మసగ్గా, ఇన్‌ఫ్రారెడ్‌లో చల్లగా ఉంటే పలచటి పై మబ్బు, పని ఆపకండి. మా ఎండబెట్టే పనికి అన్నిటికన్నా శత్రువు రెండోది, ఎందుకంటే బొమ్మలో అది అమాయకంగా కనిపిస్తుంది.

ఇంకో విచిత్రం. ఉపగ్రహం భూమధ్యరేఖ మీద ఉంది, మనం 17 డిగ్రీలు ఉత్తరాన ఉన్నాం. అంటే అది మనల్ని నేరుగా నెత్తి మీద నుంచి కాదు, దక్షిణం నుంచి ఏటవాలుగా చూస్తుంది. తాటిచెట్టును దక్షిణం దిక్కు మేడ ఎక్కి చూస్తే, దాని తల వెనకాల ఉన్న ఇంటి మీద పడినట్టు కనిపిస్తుంది కదా. ఎత్తయిన మబ్బు కూడా అంతే, బొమ్మలో అసలు చోటు కన్నా ఉత్తరానికి జరిగి కనిపిస్తుంది. హైదరాబాద్ దగ్గర లెక్క వేసి చూశాను. 12 కిలోమీటర్ల ఎత్తున తల ఉన్న ఉరుముల మబ్బు దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు జరుగుతుంది. పంజాగుట్ట నెత్తిన ఉన్న మబ్బు బొమ్మలో బాలానగర్ మీద ఉన్నట్టు అగుపిస్తుంది. "బాలానగర్‌లోనే ఉంది కదా, మన దాకా రాలేదు" అని కూర్చుంటే తడిసిపోతాం. కింది మబ్బులకు ఈ జరుగుడు ఒక కిలోమీటరు లోపే, పట్టించుకోనక్కర్లేదు.

మబ్బు పోయే దిక్కు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఇది చాలా మందిని తికమక పెడుతుంది. వానాకాలంలో గాలి పడమర నుంచి వీస్తుంది, చేవెళ్లలో చూసిన కింది మబ్బు తర్వాత అమీర్‌పేట దిక్కు వస్తుంది. కానీ అరగంట బొమ్మలను వరసగా తిప్పి చూస్తే తెల్లటి మబ్బు తూర్పు నుంచి పడమరకు జారుతున్నట్టు కనిపిస్తుంది. రెండూ నిజమే. పైన 14, 15 కిలోమీటర్ల ఎత్తులో వానాకాలంలో తూర్పు నుంచి పడమరకు చాలా వేగంగా గాలి పారుతుంది, పెద్ద మబ్బుల తలలను అది పడమరకు లాక్కుపోతుంది. ఆ తూర్పు గాలి ప్రవాహాన్ని గుర్తించి లోకానికి చెప్పింది మన తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ పి. కోటేశ్వరం. దాని మీద ఆయన వ్యాసం 1958లో వచ్చింది. తర్వాత ఆయన ఐఎండీకి అధిపతిగా కూడా పనిచేశారు. డిప్లొమా చదివినప్పుడు మాకు ఎవరూ ఆ పేరు చెప్పలేదు, అదొక్కటి బాధ. సరే, మనకు కావాల్సిందేమిటంటే, వానాకాలంలో బొమ్మలో తెల్ల మబ్బు పోయే దిక్కును చూసి మీ డాబా మీది మబ్బు దిక్కు చెప్పకండి. జెండా గుడ్డ చూడండి.

ఉపగ్రహం పై నుంచి చూస్తుంది, మనం కింది నుంచి చూస్తాం. రెండూ రాస్తేనే లెక్క కుదురుతుంది. కింది కొలతకు పాత పద్ధతి ఒకటి ఉంది, డిప్లొమాలో వాతావరణం పాఠంలో నేర్పింది. ఆకాశాన్ని ఎనిమిది భాగాలు అనుకోవాలి. ఎన్ని భాగాల్లో మబ్బు ఉంటే అన్ని ఆక్టాలు. సున్నా అంటే శుభ్రం, ఎనిమిది అంటే మొత్తం మూత. వాతావరణ కేంద్రాల్లో మనుషులు కళ్లతో చూసి రాసే కొలత ఇదే. మన హైదరాబాద్ కేంద్రం మా డాబాకు దగ్గర్లోనే, బేగంపేట పాత ఎయిర్‌పోర్టు దగ్గర. మంగళవారం, శుక్రవారం వచ్చే వ్యవసాయ వాతావరణ బులెటిన్‌లో వాన, ఉష్ణోగ్రత కింద "మేఘాలు" అని ఒక వరస ఉంటుంది చూడండి, అందులో 4, 6, 7 అని ఉండేవి ఈ ఆక్టాలే. చాలా మంది రైతులు ఆ వరసను వదిలేసి వాన ఒక్కటే చదువుతారు. ఎండబెట్టే పని ఉన్నవాళ్లకు వాన వరస కన్నా అదే ముఖ్యం.

అదే బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ కూడా ఉండేది. 1901లో మొదలై 1908లో అక్కడికి మారింది. నక్షత్రాల ఫొటోలు తీసి పట్టికలు వేసిన చోటు. వాళ్లకు మొగులు పడితే ఆ రాత్రి పని పోయినట్టే, మాకు పగలు పోయినట్టు.

అమీర్‌పేటలో ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేయాలంటే ముందు ఆకాశం కనపడాలి. నాలుగు దిక్కులా మేడలు, ఒక దిక్కు మెట్రో. మాకు కనిపించేది నెత్తి మీది ముక్కే. మొదట కళ్లతో రాసేవాడిని. పని ఎక్కువున్న రోజు అయిదు, ఆదివారం మూడు, అలా నా మూడ్‌ను బట్టి మబ్బు మారేది. అందుకని ఫోన్‌ను డాబా మీద వెల్లకిలా పెట్టి, సెల్ఫీ కెమెరాతో నేరుగా పైకి ఫొటో తీయడం మొదలుపెట్టాను. కెమెరాలో గళ్లు ఆన్ చేస్తే తొమ్మిది గళ్లు వస్తాయి. ఒక మూల గడిలో ఎలాగూ పక్కింటి వాటర్ ట్యాంకు పడుతుంది, దాన్ని వదిలేశా. మిగిలింది ఎనిమిది. సగం కన్నా ఎక్కువ మబ్బు ఉన్న గళ్లు లెక్కపెట్టి రాస్తా. మధ్యాహ్నం ఎండ నేరుగా పడితే ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది, తీసిన వెంటనే నీడలో పెట్టండి.

పొద్దున ఎనిమిదిన్నర, పదిన్నర, పన్నెండున్నర, రెండున్నర, నాలుగున్నర. ఈ ఐదు టైములకు ఫోన్ అంకె ఒకటి, ఉపగ్రహం అంకె ఒకటి. ఉపగ్రహం అంకెకు మా ఒక్క చుక్క కాకుండా చుట్టూ ఉన్న చుక్కలు కూడా చూస్తా, అంటే అడ్డం మూడు, నిలువు మూడు. మధ్యదాన్ని వదిలి చుట్టూ ఎనిమిదింటిలో మబ్బు ఉన్నవి ఎన్ని అని రాస్తా, ఆక్టాలతో పోల్చడానికి సులువు. మధ్యదానికి ఎట్లాగూ ఫోన్ ఉంది కదా. మధ్యాహ్నం పూట పత్తికాయ పగిలినట్టు చిన్న చిన్న మబ్బులు ఉన్నప్పుడు రెండు అంకెలూ అస్సలు కలవవు. నాలుగు కిలోమీటర్ల చుక్కలో సగమే మబ్బు ఉన్నా ఉపగ్రహం మొత్తం చుక్కకు ఒకే విలువ ఇస్తుంది. దాన్ని ఉంది అనాలా లేదు అనాలా అన్నది మనం గీసుకున్న గీత మీద ఉంటుంది. కలవనప్పుడు కొట్టేసి దిద్దకండి, రెండూ ఉంచండి.

ఇప్పుడు ఆ అంకెలతో ఏం చేయాలి? అర్థం కావడానికి రెండు రోజులు ఉదాహరణగా తీసుకుందాం. మొదటి రోజు 1, 2, 4, 6, 7. రెండో రోజు 7, 6, 4, 2, 1. రెండు రోజులకూ మొత్తం 20, సగటు 4. సగటు చూసేవాళ్లకు రెండూ ఒకే రోజు. టమాటా ముక్కకు మాత్రం భూమ్యాకాశాల తేడా. మొదటి రోజు పొద్దున ఎనిమిదిన్నరకు పరిచిన ముక్క మధ్యాహ్నానికల్లా పైపొర కట్టేస్తుంది, తర్వాత మొగులైనా తట్టుకుంటుంది. రెండో రోజు అదే ముక్క పన్నెండు దాకా తడిగానే కూర్చుంటుంది, బూజుకు అంతకన్నా మంచి పరుపు ఉండదు. మా పాలిటెక్నిక్‌లో ఎండ గంటలు కొలిచే గాజు బంతి ఉండేది. ఎండ ఉన్నంతసేపు దాని కింద అట్ట కాలుతుంది, మబ్బు వస్తే ఆగుతుంది. సార్ సాయంత్రం ఆ అట్ట తీసి మొత్తం ఎన్ని గంటలు అని కొలిపించేవారు. ఎంత కాలింది అని అడిగేవారు, ఎక్కడ కాలింది అని మేమూ అడగలేదు, ఆయనా అడగలేదు.

అందుకే నేను మొత్తం పక్కన ఇంకో అంకె రాస్తా. మొదటి మూడు కొలతల మొత్తం, దాన్ని పొద్దుటి లెక్క అంటాను. పై ఉదాహరణలో మొదటి రోజుకు 7, రెండో రోజుకు 17. తర్వాత నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా అని రాస్తా. పొద్దుటి లెక్క 17 నుంచి 12కి, 12 నుంచి 8కి దిగుతోందంటే మర్నాటికి కోతవాళ్లను పిలుస్తా. పెరుగుతోందంటే టమాటాను బుట్టల్లోనే ఉంచుతా, పచ్చికాయ నాలుగు రోజులు ఆగుతుంది, కోసిన ముక్క ఒక్క రోజు ఆగదు. మూడు రోజుల వరస మర్నాడు కూడా అలాగే ఉంటుందని హామీ లేదు. వాయుగుండం పడితే ఈ పుస్తకం మూసేసి ఐఎండీ హెచ్చరిక చదవాల్సిందే. ఇంకా నమ్మకం లేకపోతే కోతకు ముందు పొద్దున ఎనిమిదిన్నర కొలత చూసుకుని అప్పుడు కత్తి పట్టించండి.

పొలంలో కూడా ఇది పనికొస్తుంది, కానీ అంకె వేరుగా చదవాలి. చేవెళ్లకు వేరే చుక్క తీసుకున్నా, అమీర్‌పేట అంకె అక్కడికి పనికిరాదు. పొద్దుటి లెక్క వరసగా నాలుగైదు రోజులు ఎక్కువుంటే ఆకు మీద మంచు తడి ఆలస్యంగా ఆరుతుంది, అప్పుడు చిక్కుడు కొసల్లో పేనుబంక, టమాటా కింది ఆకుల్లో మచ్చలు వెతకడానికి పోతా. దశపర్ణి కషాయం, నీమాస్త్రం కొట్టాలంటే సాయంత్రం కొలతలే చూస్తా. నాలుగున్నర అంకె రోజూ 6, 7 ఉండి, ఇన్‌ఫ్రారెడ్‌లో చల్లగా కూడా ఉంటే కొట్టింది కడుక్కుపోతుంది. జీవామృతం నేలకు పారించడానికి ఈ గొడవ లేదు, మొగులుంటే ఇంకా మంచిదే.

ఇదంతా పెద్దమ్మకు చెప్పి చూశా. ఆమెకు యూటీసీ అక్కర్లేదు, చుక్క అక్కర్లేదు. చేతిలో ముక్క నొక్కి చూసి, పంజాగుట్ట దిక్కు ఒకసారి తలెత్తి చూసి, "మొగులు వడుతది, ఎత్తుర్రి" అంటది. ఒక్కోసారి నా ఫోన్ కన్నా ముందే. ఒక్కోసారి తప్పుతది కూడా, అప్పుడు నవ్వుతది. ఇప్పుడు పుస్తకంలో మూడో గీత కొట్టి ఆమె అంకె కూడా రాస్తున్నా. ఇవాళ మధ్యాహ్నం రెండున్నరకు ఉపగ్రహం 4, ఫోన్ 5, పెద్దమ్మ 7. ట్రేలు లోపల పెట్టాం, ఇది రాసే టైముకి ఇంకా వాన రాలేదు.